నెల దాటిన గొంగళిపురుగులు

"మా నాన్నను ఉరితీసేస్తారు, మేష్టారూ!"

గుమ్మంలోనే కూలబడిన ఆ పిల్లను గుమస్తా లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టాడు. బడిపంతులు ఉద్యోగం మాని నేరపరిశోధన చేపట్టిన మేష్టారు కళ్లజోడు సవరించుకుని, "ఏడుపు తరవాత. ముందు జరిగింది చెప్పమ్మా," అన్నారు.

ఆమె తండ్రి పంట పురుగుల పరిశోధనశాలలో గొంగళిపురుగులకు మేత వేస్తాడు. నాలుగు రోజుల కిందట పెంపకపు గదిలో విషవాయువు పీల్చి పరిశోధకురాలు చనిపోయింది. తెరిచివున్న సిలిండరు మీద అతని వేలిముద్రలు దొరికాయి. గంటలోనే పోలీసులు పట్టుకుపోయారు.

"సిలిండర్లు మోసేదే నాన్న గదండీ! ముద్రలు లేకపోతే విడ్డూరం గానీ!"

మధ్యాహ్నానికి మేష్టారూ గుమస్తా ఆ గదిలో ఉన్నారు. కిటికీలు లేవు, ఒకే తలుపు. ట్రేలో వేలెడేసి పురుగులు కరకరమని ఆకులు కొరుకుతుంటే గుమస్తా ఓ అడుగు వెనక్కి వేశాడు.

"వీటికింకా రెక్కలు రాలేదేం?" అని మేష్టారు అడిగారు.

వెంట ఉన్న పరిశోధనశాల డైరెక్టరు ముఖం విప్పారింది. "రావండీ! పురుగు ఒంట్లో బాల్యాన్ని నిలిపివుంచే హార్మోను ఒకటుంది. దాన్ని విడగొట్టే జన్యువు పనిచేస్తేనే పురుగు గూడు కట్టి ప్యూపాగా మారేది, రెక్కలొచ్చేది. ఆ జన్యువు నోరు నొక్కేశాను. పదిహేను రోజుల్లో మారాల్సినవి నెల దాటినా తింటూనే ఉన్నాయి. ఇలాంటివి మరెక్కడా లేవు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, గడప దాటలేదు."

మర్నాడు మేష్టారి మాటమీద ఇన్‌స్పెక్టరు అందరినీ అక్కడే సమావేశపరిచాడు. మేతవాడి చేతులకు బేడీలున్నాయి.

"మనిషి ప్రాణం తీసిన వాయువు ఈ పురుగుల జోలికి పోలేదేం, సార్?" అని మేష్టారు డైరెక్టరును అడిగారు.

డైరెక్టరు తడబడ్డాడు. "ఇవి... తరవాత తెచ్చినవి."

"అయిదు రోజుల్లో నెల వయసు ఎలా వచ్చింది? మరెక్కడా లేవన్నది మీరే! గ్యాసు వదిలే ముందు ఎవరో ట్రే బయటికి చేర్చారు, గాలి శుభ్రమయ్యాక తిరిగి పెట్టారు. అప్పటికి ఇతను లాకప్పులో ఉన్నాడు. మరి గడప దాటలేదని మీరెందుకు బొంకారు?"

"కనిపెట్టింది ఆ అమ్మే బాబూ," అన్నాడు మేతవాడు మెల్లగా. "సారు ఈ గది మొహమే చూసేవారు కాదు."

"అదీ సంగతి," అన్నారు మేష్టారు. "ఆమె బతికుంటే పేరు ఆమెది, పురుగులు చస్తే పేరే లేదు. అందుకే బయట గడియ పెట్టి ఆమెను చంపారు, వీటిని దాచుకున్నారు."

బేడీలు చేతులు మారాయి. గుమ్మం దగ్గర డైరెక్టరు వెనుదిరిగాడు. "వాటికి... పూటపూటా ఆకులు మార్చాలి..."

"ఆమెకు ఊపిరాడనప్పుడు ఏమైందయ్యా నీ జాలి?" అంది ఆ పిల్ల. "పద నాన్నా, ఇంటికి."

తండ్రి కదలలేదు. మణికట్లు రుద్దుకుంటూ పరిశోధకురాలు కూర్చునే ఖాళీ స్టూలు వైపు చూస్తూ, "నన్ను 'అన్నా' అని పిలిచేది," అన్నాడు.

ప్రతి కేసు చివరా మేష్టారిని వేనోళ్ల పొగిడే గుమస్తా ఆరోజు పొగడ్త మరిచి, ట్రేలో వాడిన ఆకులు మార్చసాగాడు.