తూర్పుకు వాలిన రేకులు

మోత్కూర్‌లో యాదయ్య ఇంట ఆ పొద్దున చాయ్ ఇంకా పొయ్యి దిగలేదు, మున్సిపాలిటీ నోటీసు మాత్రం గుమ్మం ఎక్కేసింది. పక్క జాగాలో వేసిన రేకుల షెడ్డు ప్రహరీ గోడను ఆనుకుని ఉందట. మూడడుగులు వదలాలట. వారంలోగా సరిచేయకపోతే కూల్చేస్తారట.

కోడలు నిహారిక చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆమె మూడు కుట్టు మిషన్లూ ఆ షెడ్డులోనే ఉన్నాయి. బడులు తెరిచే నాటికి వంద జతల యూనిఫాంలు కుట్టి ఇస్తానని మాటిచ్చింది. పెళ్ళయిన ఆరేళ్ళకు తనదంటూ మొదలుపెట్టిన పని. ఒక్కసారి మాట తప్పితే మళ్ళీ ఎవరు నమ్ముతారు?

"ఇంకెవలు, మా అన్ననే ఫిర్యాదు పెట్టిండు" అన్నాడు యాదయ్య. "మనం బాగుపడ్తే ఆయన కండ్లు మండుతయ్."

గోడ అవతలిది అన్న ఎల్లేశం ఇల్లు. షెడ్డు వేసిన నాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. యాదయ్య కోపమొస్తే చెవులు మూసుకునే రకం. తువ్వాల భుజాన వేసుకుని బయలుదేరాడు. ఏం గొడవవుతుందోనని నిహారిక వెంటే పరుగెత్తింది.

"నువ్వేనా రాసిచ్చింది?"

"నేనే" అన్నాడు ఎల్లేశం, మంచం దిగకుండానే. "రెండుమార్లు చెప్దామని నీ వాకిట్లకొస్తి. మొఖం తిప్పుకొని పోతివి. ఇగ ఎవలకు చెప్పాలె?"

"ఏం చెప్పాలని?"

"లోపలికి పోయి చూడు."

లోపలి గదిలో గోడ పైనుంచి కిందిదాకా నానిపోయి, సున్నం పెచ్చులుగా ఊడుతోంది. గది నడుమకు జరిపిన మంచం మీద ఎల్లేశం భార్య సావిత్రమ్మ కూచుని ఆయాసంతో రొప్పుతోంది.

"మూడు వానలకే గిట్లయింది బిడ్డా" అంది నిహారికతో. "మీ రేకుల నీళ్ళన్నీ గీ గోడ మీదనే పడ్తున్నయ్. నీ పని చెడుతదని రాసియ్యొద్దన్న. ఆయన ఇనలే."

నిహారికకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షెడ్డు వేసేటప్పుడు మేస్త్రీ పడమటికి వాలు పెడతానంటే, వాస్తు ప్రకారం నీళ్ళు తూర్పుకే పోవాలని పట్టుబట్టింది యాదయ్యే. తూర్పున అన్న ఇల్లుందన్న సంగతి ఆయన వాస్తులో లేదు.

"మామా, షెడ్డు జరుపుదాం. వాలు మన దిక్కు పెడదాం."

"పడమటికా? ఇంటికి మంచిది కాదు బిడ్డా."

"పెద్దత్తకు ఊపిరాడకుంటే ఏ ఇంటికి మంచిది మామా?"

యాదయ్య తడిగోడ మీద చెయ్యి పెట్టాడు. సున్నం పెచ్చు ఊడి చేతిలో పడింది.

"తప్పయింది వదినె."

ఎల్లేశం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "తప్పొప్పులు తర్వాత సూసుకుందాం గని, నట్లు విప్పే పానా ఉన్నదా నీ దగ్గర?"

ఇనుప పైపులకు రేకులు బిగించిన షెడ్డు కాబట్టి బతికిపోయారు. మేస్త్రీతో పాటు అన్నదమ్ములిద్దరూ చెయ్యేస్తే రెండు రోజుల్లో విప్పి, జరిపి, వాలు మార్చి నిలబెట్టారు. మున్సిపాలిటీ మనిషి వచ్చి టేపు పట్టాడు. మూడడుగుల రెండంగుళాలు. సరిపోయిందని రాసుకుని వెళ్ళాడు. నిహారిక ఆ పూటే మిషన్ ఎక్కింది.

మర్నాడు మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. రేకుల నీళ్ళు యాదయ్య వాకిట్లోనే పడి మోరీలోకి పోతున్నాయి. ఆయన గొడుగు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు.

"వదినె, గోడ ఎట్లున్నది?"

షెడ్డులో మిషన్ ఆగింది. జవాబు కోసం నిహారిక కూడా చెవులు రిక్కించింది.

"కొత్త తడి లేదు మరిదీ" అంది సావిత్రమ్మ కిటికీలోంచి. షెడ్డు దిక్కు చూసి, "మిషన్ ఎందుకాపింది పిల్ల? కుట్టుమను. ఆ సప్పుడుకే జర కన్నంటుకుంటాంది" అంది.