కర్తకు క్రియ సరిపోలేదు

మా ఆయన పాస్టరు. ప్రసంగం ఆయన చేత్తో రాస్తారు, నేను టైపు చేస్తాను. పెళ్లయిన కొత్తలో మొదలైన ఏర్పాటు ఇది. ఆయనకి కీబోర్డన్నా మౌసన్నా ఒళ్లుమంట. మందిరం వెనకాల చిన్న గదిలో నా పని. ఒక బల్ల, ఒక పాత కంప్యూటరు, కిటికీ అవతల బాప్తిస్మాలిచ్చే సిమెంటు తొట్టి. వాన పడుతుంటే ఆ తొట్టిలో చినుకుల చప్పుడు వింటూ టైపు చేసుకునేదాన్ని. ఆ గదంటే నాకు ఇష్టంగా ఉండేది.

కంప్యూటర్లో ప్రసంగాల సాఫ్ట్‌వేర్ పెట్టింది మా తమ్ముడు. దాన్ని తయారుచేసే కంపెనీలోనే వాడి ఉద్యోగం. బైబిల్లో వచనాలు వెతుక్కోవడం, ప్రసంగం రాసుకోవడం అంతా అందులోనే. అక్షరం తప్పు పడితే కింద ఎర్రగీత వస్తుంది. వాక్యం కుదరకపోతే నీలిగీత. "అబ్బాయి వచ్చింది" అని కొడితే నీలిగీత గీసి, "వచ్చాడు" అని పక్కన చూపిస్తుంది. ఆ నీలిగీతల పనంతా మా తమ్ముడిదే.

"అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది... రెండిటికీ ఒకే క్రియ. దీనిమీద మా ఆఫీసులో ఆడపిల్లలు నన్ను కాల్చుకు తింటున్నారక్కా, ఈ భాషని నేనే కనిపెట్టినట్టు!" అని నవ్వేవాడు.

మా ఆయన ప్రసంగాల నిండా ఎర్రగీతలే. 'థ' రాయాల్సిన చోటల్లా 'ధ' రాసేస్తారు. ప్రార్ధన, అర్ధం, స్వార్ధం. "ఆ అక్షరం పొట్టలో చుక్క పెట్టడానికి కూడా బద్ధకమేనా?" అని నేను దెప్పితే, "దేవుడు చుక్కలు లెక్కపెట్టడే" అనేవారు. ఆయన్ని తిడుతూ చుక్కలు పెట్టుకుంటూ పోవడం నాకు అలవాటైపోయింది.

ఆ ఏడు వానల్లో ఒకరోజు, ఏటి అవతల ఎవరో పెద్దావిడ మంచం పట్టిందంటే ప్రార్థన చేసొస్తానని వెళ్లారు. సాయంత్రానికి ఏరు పొంగి వంతెన మీదుగా పారింది. ఆయన కారు దిగువన ఒక చెట్టుకి తట్టుకుని ఆగిందని కబురొచ్చింది. తలుపులు వేసినవి వేసినట్టే ఉన్నాయట, లోపల మనిషి లేడట. ఇల్లంతా జనం. మా సంఘపెద్ద నా ఎదురుగా కూర్చుని ధైర్యం చెప్పబోయి, తనే ఏడ్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. వీధి మలుపు తిరిగి ఆయన నడుచుకుంటూ వచ్చారు.

ఎవరో కేక పెట్టారు. నేను ఎలా పరిగెత్తానో నాకే తెలీదు. ఆయన్ని పట్టుకుని గుండెకి హత్తుకున్నాను. బట్టలు పొడిగా ఉన్నాయి. జుట్టు మాత్రం తడిసి, నుదుటికి అంటుకుపోయి ఉంది. ఒండ్రు వాసన. "ఎలా బయటపడ్డారు?" అని అందరూ అడిగారు. "పైకి వచ్చాను" అన్నారు. అంతకంటే చెప్పలేదు. షాక్‌లో ఉన్నాడు, వదిలెయ్యండన్నాడు సంఘపెద్ద.

తర్వాతి రోజుల్లో ఆయన ఎంత నెమ్మదిగా మారిపోయారంటే, మొదట సంతోషించాను. పెట్టింది తినేవారు. దేనికీ విసుక్కోలేదు. ఎప్పుడు చూసినా కిటికీ దగ్గర నిలబడి తొట్టిలో నీళ్లని చూస్తూ ఉండేవారు. జుట్టు ఎంత తుడిచినా ఆరేది కాదు. మా పాప ఆయన ఒళ్లోంచి దిగి వచ్చి నా చెవిలో చెప్పింది.

"అమ్మా, నాన్న ఊపిరి చల్లగా ఉంది."

"జలుబు చేసి ఉంటుందిలే" అన్నాను. జలుబుకి ఊపిరి వేడిగా ఉంటుందని నాకు తెలుసు.

శనివారం మధ్యాహ్నం ప్రసంగం కాగితాలు నా బల్లమీద పెట్టి వెళ్లారు. మబ్బు కమ్మి గదిలో చీకటిగా ఉంటే లైటు వేసుకుని టైపు మొదలుపెట్టాను. మర్నాడు ఆదివారం బాప్తిస్మాలున్నాయి. ఈసారి తొట్టిలో కాదట, ఏట్లోనట. పిల్లలూ పెద్దలూ, ఇదివరకే తీసుకున్నవాళ్లు కూడా, సంఘమంతా నీళ్లలోకి దిగాలని రాశారు.

సగం పేజీ అయ్యాక ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటో తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

ఎర్రగీతలు లేవు.

కాగితం దగ్గరగా పట్టుకుని చూశాను. ప్రార్థన. అర్థం. స్వార్థం. ప్రతి చుక్కా ఉంది. గుండ్రంగా, ఒకే కొలతలో, అచ్చు వేసినట్టు. ఇన్నేళ్ల నా పోరు ఫలించిందని నవ్వుకోవాలి. నవ్వు రాలేదు.

ప్రసంగం చివరిదాకా కొట్టేశాను. దానికి ముందు సంఘం తరఫున కృతజ్ఞతగా ఒక మాట చేర్చమని సంఘపెద్ద అడిగాడు. అది కొట్టాను. 'మన పాస్టరుగారు ఏటి వరద నుంచి తిరిగి వచ్చారు.'

నీలిగీత పడింది. దానిమీద నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంది.

'కర్తకు క్రియ సరిపోలేదు. తిరిగి వచ్చింది.'

ఏదో పిచ్చి పట్టింది దీనికి అనుకుని, చెరిపేసి మళ్లీ కొట్టాను. మళ్లీ గీత. 'మా నాన్నగారు వచ్చారు' అని కొట్టాను. గీత లేదు. 'డాక్టరుగారు వచ్చారు.' లేదు. 'మా ఆయన వచ్చారు.'

గీత. 'వచ్చింది.'

ఎందుకు కొట్టానో తెలీదు... 'మా ఆయన వెళ్లారు' అని కొట్టాను.

గీత లేదు.

ఆ మాట దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. బయట తొట్టిలో చినుకులు పడుతున్నాయి. వెళ్లారు. అందులో తప్పేమీ లేదు. వెళ్లారు.

తమ్ముడికి ఫోను చేశాను. పగలబడి నవ్వుతాడనుకున్నాను. నవ్వాడు కూడా. "బావ వాహనమయ్యాడా వస్తువయ్యాడా? ఉండు, నీ కంప్యూటర్లోకి నేను వస్తాను" అన్నాడు. తెర మీద బాణం గుర్తు దానంతటదే కదిలింది. వాడు అక్కడి నుంచి కొడుతున్నాడు.

'మా మామ వచ్చాడు.' గీత లేదు.

'మా బావ వచ్చాడు.' గీత.

"ఆగు, ఇదే వాక్యం నా కంప్యూటర్లో కొడతాను." టకటక చప్పుడు. మళ్లీ టకటక.

"ఏమైందిరా?"

"నా దగ్గర గీత రావట్లేదక్కా." గొంతులో నవ్వు పోయింది. "అసలు దానికి బావెవరో మామెవరో తెలీదు. రెండూ మగవాళ్లని మాత్రమే తెలుసు. ఒకరికి గీసి ఒకరికి గియ్యకపోవడం... అది కుదరదు."

"మరి ఇదేంటి?"

తెర మీద పేజీ కిందికి జరిగింది. వాడు ప్రసంగం చదువుతున్నాడు.

"అక్కా, చివర చూడు."

చివర రెండు వాక్యాలు. నేను కొట్టినవే, అప్పుడు గమనించలేదు. 'మీరందరూ నీళ్లలోకి దిగుతారు. మీరందరూ పైకి వస్తారు.' మొదటిదాని కింద ఏమీ లేదు. రెండోదాని కింద నీలిగీత. నొక్కాను.

'పైకి వస్తాయి.'

ఒండ్రు వాసన...

తలుపు చప్పుడు వినలేదు. అడుగుల చప్పుడూ వినలేదు. కానీ ఆయన నా కుర్చీ వెనక ఉన్నారు. నా మెడమీద ఒక నీటిబొట్టు పడి, వీపు మీదికి జారింది.

"అయిపోయిందా?" మెల్లగా అడిగారు.

"అ... అయిపోవచ్చిందండీ."

"అక్కడ గీత ఉందే."

"అది... ఏదో పొరపాటు. పట్టించుకోనక్కర్లేదు."

"తప్పుంటే దిద్దుకోవాలి కదా."

ఆయన చెయ్యి నా భుజం మీదుగా వచ్చింది. మౌసు ముట్టుకోవాలంటేనే విసుక్కునే మనిషి. ఆ చెయ్యి తడుముకోలేదు. బాణం గుర్తు తిన్నగా పెట్టె మీదికి వెళ్లి ఒక్కసారి నొక్కింది. 'మీరందరూ పైకి వస్తాయి.' నీలిగీత మాయమైంది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నారు. వెళ్లిపోయారు.

ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది. తమ్ముడు గుసగుసగా అన్నాడు.

"పాపని తీసుకుని వచ్చెయ్. బట్టలు కూడా సర్దకు."

పాప చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆయన తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నారు. వాన ఆయన మీద పడుతోంది.

"వెళ్తున్నారా?"

"తమ్ముడికి ఒంట్లో బాగా లేదట. రేపొచ్చేస్తాం."

లేస్తారేమో, ఆపుతారేమోనని పాపని నా వెనక్కి లాక్కున్నాను. ఆయన లేవలేదు. ఆప్యాయంగా నవ్వారు. "తొందరేం లేదు. మీరు రాకపోతే మేమే వస్తాంలే."

మేమే అన్నారు.

దారిలో సంఘపెద్ద ఇంటి ముందు ఆగాను. ఆయన మనవరాలు రేపటి కోసం కుట్టించుకున్న తెల్లబట్టలు వేసుకుని అద్దం ముందు తిరుగుతోంది. ఉన్నదంతా చెప్పాను. ఏటికి వెళ్లొద్దని, తొట్టిలోనే కానివ్వమని ప్రాధేయపడ్డాను. ఆయన నా మాట పూర్తిగా విన్నాడు. అందుకే ఇంకా బాధ.

"కంప్యూటరు గీత గీసిందని కట్టుకున్నవాణ్ణి అనుమానిస్తావామ్మా? ఎంత అద్భుతం జరిగింది మనకి! నువ్వు సరిగ్గా నిద్రపోయినట్టు లేవు."

"మీ మనవరాల్నైనా ఆపండి."

ఆ మాటకి ఆయన ముఖం మారింది. "నోటికి మంచి మాట రానివ్వమ్మా" అని తలుపు దగ్గరికి వేశాడు. నేను ఇంకేం చెయ్యగలను? పోలీసులకి ఏమని చెప్పాలి? మా ఆయన వచ్చారు కాదు, వచ్చింది అనా? బస్సెక్కేశాను. దారిపొడుగునా పాపని ఒళ్లోంచి దింపలేదు.

ఆదివారమంతా తమ్ముడింట్లో ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వాడు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు, నేను ఏమీ వినలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఉండబట్టలేక సంఘపెద్దకి ఫోను చేశాను. వెంటనే ఎత్తాడు.

"అందరం బాగున్నామమ్మా. అంతా బాగా జరిగింది." గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే... "మీరెప్పుడొస్తారు?"

పెట్టేశాను. సంఘంవాళ్లని ఎక్కడికి తీసుకెళ్లాలన్నా మేము పిలిచే బస్సు డ్రైవరొకడున్నాడు. మందిరానికి వచ్చే అలవాటు లేదు అతనికి. మీ దేవుడికి నా మీద కోపం లేదు కదా అమ్మగారూ అని ఎప్పుడూ హాస్యమాడేవాడు. అతనికి చేశాను.

"నేనే చేద్దామనుకుంటున్నానమ్మగారూ" అన్నాడు.

"ఏటికి తీసుకెళ్లింది నువ్వేగా? అందరూ తిరిగొచ్చారా?"

"వచ్చారమ్మా. నేను బస్సులోనే కూర్చున్నాను, నీళ్ల దగ్గరికి వెళ్లలేదు. అందరూ వచ్చి ఎక్కారు. ఎవరిళ్ల దగ్గర వాళ్లని దింపేశాను. ఒక్కరూ మాట్లాడలేదు. దేవుడి పని చేసుకొచ్చారు కదా, అలాగే ఉంటారేమో అనుకున్నాను."

"మరి ఏమైంది?"

"ఏం లేదమ్మా... బస్సు కడుగుతుంటే తట్టింది, ఎవరి కాళ్లకీ చెప్పుల్లేవని. మళ్లీ ఏటి దగ్గరికి వెళ్లాను. గట్టు మీద విడిచినవి విడిచినట్టే వరసగా ఉన్నాయి. చిన్న పిల్లలవీ, ముసలాళ్లవీ, అన్నీ. గోనెసంచిలో వేసుకొచ్చి ఇంటింటికీ తిరిగి ఇస్తున్నాను."

"తీసుకుంటున్నారా?"

"తీసుకుంటున్నారమ్మా. కాళ్లు పెట్టి చూస్తున్నారు."

అవతల వాన చప్పుడు. అతను గొంతు బాగా తగ్గించాడు.

"ఒక్కరికీ పట్టడం లేదమ్మగారూ..."