పేర్ల దిబ్బ

మల్కాపురం దాటి సముద్రం వైపు పోతే పేర్ల దిబ్బ అని ఓ ఇసకదిబ్బ ఉంది. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. నైట్ డ్యూటీ వాళ్లు సైతం చుట్టు తిరిగి పోతారు గానీ దిబ్బ తొక్కరు. సముద్రంలో పోయినవాళ్లని పేరుపేరునా ఎవరో ఆడమనిషి పిలుస్తుందట... మనింట్లో పోయినవాళ్ల పేరు వినబడిందా, ఇక మనం ఇంటికి రామట. నవ్వకండి. నవ్వినవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లూ చుట్టు తిరిగే పోతారు.

ఆ దిబ్బని ఈమధ్య సబీనా మేడమ్ తవ్వించింది. పట్నం పాత ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల, కాలేజీలో పురావస్తు పాఠాలు చెబుతుంది. అక్కడ గోడౌన్ కట్టబోతున్నారు. కాగితాల్లో చూస్తే, ఖాళీ ఇసక, మనుషులెవరూ లేరు అని ఉంది. జాలరోళ్లు తరతరాలుగా బతికిన చోటని రుజువైతే దిబ్బ నిలుస్తుంది. ఆవిడ ఆరాటం అదీ.

తవ్వితే ఎముక ముక్క కూడా రాలేదు. అన్నీ చిన్న చిన్న గుంటలు. గుంటకో మట్టిగుండు – వలకి బరువుగా కట్టేది – దాని మీద గోటితో గీసిన గుర్తు. ఇవేంటని మేడమ్ కూలీల మేస్త్రీ సింహాద్రిని అడిగింది. అక్కడ పుట్టిన మనిషి, అతనికి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

తెలుసు. శవం దొరకనివాడికి, వాళ్లింటి గుర్తున్న గుండునే పాతిపెడతారు. ఎముకల్లేని సమాధులవి. వాటిలో ఒకటి సింహాద్రి తండ్రిదే. అయినా... పాత వలల చెత్త మేడమ్, అనేశాడు. గోడౌన్ లేస్తే గేటు దగ్గర పర్మనెంటు ఉద్యోగం ఇస్తామన్నారు మరి. నోరెలా వచ్చిందో వెధవకి!

ఆ రాత్రి సింహాద్రికి కన్ను మూతపడలేదు. తెల్లారితే మేడమ్ అదే మాట రాసి రిపోర్టు ఇచ్చేస్తుంది. తండ్రి మొహమే కళ్ల ముందు. రెండు దాటాక లేచి, పక్కగదిలో అమ్మ గంగాలమ్మ లేస్తుందేమోనని చప్పుడు కాకుండా తలుపేసి, దిబ్బ వైపు నడిచాడు. నాన్న గుంటని ఆఖరుసారి చూసొద్దామని.

గాలి లేదు. ఇసకలో కాళ్లు దిగబడుతున్నాయి. దిబ్బ ఎక్కాడో లేదో –

"నూకరాజు..."

ఆడగొంతు. సన్నగా, గొణిగినట్టు.

సింహాద్రి ఉన్నచోటే ఇసకలో కూలబడ్డాడు. కాసేపు ఏమీ లేదు... మళ్లీ, ఇంకాస్త దగ్గర్లో –

"తాతాలు..."

గుంట తర్వాత గుంట, వరసగా వస్తోంది. తర్వాతది తండ్రిది. తప్పు చేశాను నాన్నా అనుకుంటూ కళ్లు మూసుకున్నాడు.

పేరు రాలేదు.

ఎంతకీ రాలేదు. ఆ ఒక్క గుంట దగ్గరే గొంతు ఆగిపోయింది. తర్వాత మెల్లగా –

"ఈ పేరు నాను పలకకూడదమ్మా... మా ఇంటాయన."

సింహాద్రి కళ్లు తెరిచాడు. గుంట అంచున, కొంగు చాటున ఫోను వెలుగు. ఓపక్క సబీనా మేడమ్ ఫోనులో రికార్డు చేసుకుంటోంది. రెండోపక్క అమ్మ, ఒళ్లో మట్టిగుండు.

"మావోడు సెత్త అన్నాడని ఏటనుకోకమ్మా," అంటోంది గంగాలమ్మ. "ఆడికి తెలీదు. తండ్రి పోయేసరికి పసోడు. నాను సెప్పానని ఆడికి సెప్పకు, ఉద్యోగం పోద్ది."

తనకి ఏడేళ్లప్పుడు, నాన్న గుండు పాతిననాడు, ఆ గుంట దగ్గర తన చెయ్యి పట్టుకుని కూచున్నది ఆ అమ్మే. ఎంత తేలిగ్గా అబద్ధమాడేసింది కొడుకు కోసం! సింహాద్రికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఎల్లాజీ," అన్నాడు చీకట్లోంచి.

ఇద్దరు ఆడవాళ్లూ కెవ్వుమన్నారు.

"మా నాన్న పేరు ఎల్లాజీ. రాసుకోండి మేడమ్... ఆ గుండు పెట్టింది నానే."