పదమూడో దెబ్బ

“ఉర్సినా అమ్ముడుపోయింది,” అన్నాడు చీఫ్ హాల్టర్, ఉపోద్ఘాతం లేకుండా. “మన ఏజెంట్ల పేర్లన్నీ ఒక మైక్రోఫిల్మ్‌లో ఉన్నాయి. రేపు పన్నెండింటికి కనుమ దాటి అవతలివాళ్ళకి అందిస్తుంది. ఆపు. ప్రాణాలతో తీసుకురా.”

ఏజెంట్ రేటో కాడుఫ్ తల ఊపాడు. ఉర్సినా అతని పార్ట్‌నర్. పదేళ్ళుగా మొగుడూ పెళ్ళాల వేషంలో ఇద్దరూ సరిహద్దు కొండలన్నీ స్కీల మీద తిరిగారు. ఆ వేషం విప్పితే రేటోకు తనవాళ్ళంటూ ఎవరూ లేరు.

మర్నాడు పదకొండున్నర. మైనస్ ఇరవై రెండు. ఎప్పట్లా కలిసి బయల్దేరిన ఇద్దరూ, రేటో, ఉర్సినా, కనుమకు ముందు ఆఖరి వాలు చేరారు. వాలు బరువు ఆపుతుందో లేదో చూడ్డానికి రేటో అలవాటుగా గుంట తవ్వి, మంచును స్తంభంలా కోసి, పైన పార ఆనించి తట్టసాగాడు. మణికట్టు ఊపుతో పది దెబ్బలకి కదల్లేదు. మోచేతి ఊపుతో మూడో దెబ్బకే పైపొర పలకలా జారి అతని ఒళ్ళో పడింది. దాని అడుగున పంచదారలాంటి పొడి మంచు. ఈ వాలు మనిషి బరువు ఆపదు.

“ఎన్ని దెబ్బలకి పోయింది?” వెనకనుంచి అడిగింది ఉర్సినా.

“పదమూడుకి. వెనక్కి పోదాం, ఉర్సినా.”

తలెత్తి చూస్తే ఆమె చేతిలో పిస్టల్. ఆ అందమైన మొహంలో నవ్వు చెదరలేదు.

“హాల్టర్ పంపాడు కదూ? చివరికి మంచుచేత కూడా అబద్ధమాడిస్తున్నావా, మహానుభావా!”

“ఒట్టు. వచ్చి చూసుకో.”

“గుంటలో నువ్వు, నీ చేతిలో పార. నేను తల వంచి చూడాలా? నా చెవిలో పువ్వు కనబడుతోందా?”

పిస్టల్ అతని మీదే ఉంచి ఆమె వాలు మీదికి సాగింది.

“వద్దే!” రేటో గొంతు చించుకున్నాడు. ఇంత ఒంటరితనం అతను ఎన్నడూ ఎరగడు. నిజం చెబుతున్నా నమ్మే మనిషి భూమ్మీద ఒక్కరూ లేరు.

కనుమ ఇరవై గజాలుందనగా ఢామ్మని వాలంతా చీలి ఆమెను కిందికి ఈడ్చుకుపోయింది. ఫిల్మ్ కోసం అవతల గట్టున కాచుకున్న శత్రువుల మనుషులిద్దరూ చక్కా జారుకున్నారు.

మంచులో కూరుకుపోయినవాళ్ళ జాడ పట్టే రేడియో, తన బీకన్‌ను రేటో వెతుకులాటకు మార్చి దిగాడు. ఆమె బీకన్ మంచు కిందనుంచి పలికింది. ఒకరి బీకన్ ఒకరు సరిచూడకుండా ఈ కొండల్లో బద్ధశత్రువులు కూడా గుమ్మం దాటరు. పొద్దున అతని దాంట్లో బ్యాటరీ మార్చింది ఆమే.

పదకొండు నిమిషాలు తవ్వాడు. నీలిబారిన మొహం బయటపడింది. ఫిల్మ్ ఆమె గ్లవ్ లోపల దొరికింది.

“నిజమే చెప్పావా?” అంది వణుకుతూ.

“ఊఁ.”

“పదేళ్ళలో ఇదే మొదటిసారి. నాకెలా తెలుస్తుందిరా?”

రేటో తన కోటు ఆమెకు కప్పి, హెలికాప్టర్ వచ్చేదాకా పక్కనే కూర్చున్నాడు.

“శభాష్!” అన్నాడు హాల్టర్ ఆ సాయంత్రం. “అంత జాణని ఎలా పట్టావయ్యా?”

“నిజం చెప్పాను, సార్. నమ్మలేదు.”