ఎవరూ ఎత్తకపోతే

బల్ల మీద కాఫీ చల్లారిపోయింది గానీ, పక్కనే ఉన్న ఫోను మాత్రం ఆ పొద్దున కూడా మోగలేదు.

ఇంటి ముందు గదే షాపు. గోడవారగా ఆక్సిజన్ సిలిండర్లు గొలుసు కట్టి నిలబెట్టి ఉంటాయి. చిన్న ఆసుపత్రులకూ, ఇళ్లలో మంచాన పడ్డవాళ్లకూ ఇక్కడి నుంచే వెళ్తాయి. భర్త పోయిన దగ్గర్నుంచి ఆ బల్ల ముందు కూర్చుని, వచ్చిన ప్రతి ఫోనూ తనే ఎత్తి వ్యాపారాన్ని నిలబెట్టింది ఆవిడ. ఎత్తగానే మొదట అడిగేది, "ముల్లు ఎక్కడుంది?" అని. సిలిండర్ మీటర్లో ముల్లు ఎక్కడుందో తెలిస్తే ఎంత తొందరో తెలుస్తుంది. ఆ తర్వాతే పేరూ ఊసూ. అందరూ ఆవిణ్ణి షాపమ్మ అంటారు. ఫోను మోగినంత కాలం తాను చెలామణిలో ఉన్నట్టే అని ఆవిడ లెక్క.

ఇప్పుడు గంట లోపలి గదిలో మోగింది. వెంటనే కోడలి గొంతు వినిపించింది. "ఆర్డర్ల విభాగం, చెప్పండి."

"విభాగమట," అంది షాపమ్మ సిలిండర్లకేసి చూస్తూ. "ఉన్నవి మూడు గదులు. అందులో ఒకటి విభాగం."

చెప్పులు వేసుకుంటున్న కొడుకు నవ్వబోయి ఆపుకున్నాడు.

"నవ్వరా, నవ్వు. అమ్మని మూల కూర్చోబెట్టారంటే నీకు నవ్వులాటగానే ఉంటుంది."

"మూలేంటమ్మా? నీ ఫోను నీ బల్ల మీదే ఉందిగా."

"పలకని ఫోనుకీ, కాగితాలు ఎగరకుండా పెట్టే రాయికీ తేడా ఏంటి?"

కొడుకు బండి తాళాలు తీసుకుని వసూళ్లకి వెళ్లిపోయాడు. భార్యకీ తల్లికీ మధ్య నిలబడి లాభపడ్డ రోజు అతనికి ఒక్కటీ లేదు.

ఇదంతా కోడలు తెచ్చిపెట్టిందే. ఎవరైనా ఊరికే తెచ్చుకుని తమకు కావలసినట్టు మార్చుకోగల ఫోన్ల సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని, దాన్ని పాత కంప్యూటర్‌లో వేసింది. తెర మీద రంగురంగుల డబ్బాలు, వాటి మధ్య బాణాలు. వచ్చిన ఫోను ఎటు పోవాలో మౌసుతో గీత లాగితే చాలు. ఎడమవైపు 'బయటి ఫోను'. దాన్నుంచి బాణం 'ఆర్డర్లు' డబ్బాకి, అంటే కోడలికి. ఆమె ఎత్తకపోతే డ్రైవర్‌కి, అతనూ ఎత్తకపోతే కొడుక్కి. అందరి తర్వాత, తెర చివర, 'అత్తయ్య'.

ఊరికే వచ్చే వస్తువుని షాపమ్మ ఏనాడూ నమ్మలేదు. ఇచ్చినవాడు ఎక్కడో ఒకచోట రాబట్టుకుంటాడు. దీని ఖరీదు తన కుర్చీయేనని ఆవిడకి తేలిపోయింది.

కాఫీ గ్లాసు పట్టుకుని లోపలి గది గుమ్మంలో నిలబడింది. "ఏమ్మా, ఆ చివరి డబ్బాని ఇంకాస్త జరిపితే నేను తెర అవతల పడతానేమో కదా?"

కోడలు తల తిప్పలేదు. "అందరూ పనిలో ఉంటే మీకే వస్తుందని చెప్పాను కదా అత్తయ్యా."

"చెప్పావులే. అన్నీ అమ్ముడుపోయాక అడుగున మిగిలిన సరుకుని నేను."

"మీతో ఏం మాట్లాడినా తరుగు తీసేస్తారు."

"మాటలో తాలు ఉంటే తరుగు తియ్యరా మరి?"

కోడలు విసురుగా లేచి, పిల్లని స్కూల్లో దింపడానికి వెళ్లిపోయింది. కంప్యూటర్ అలాగే వెలుగుతూ ఉంది.

షాపమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. వెనక నిలబడి ఎన్నోసార్లు చూసిందే. తట్టి చూసి సిలిండర్ నిండుదో ఖాళీదో చెప్పే మనిషిని నాలుగు డబ్బాల బొమ్మ ఏం చేస్తుంది? 'ఆర్డర్లు'కి వెళ్లే బాణాన్ని తుంచేసింది. 'బయటి ఫోను' నుంచి తిన్నగా 'అత్తయ్య'కి గీత లాగింది. తెర మీద ఒక ప్రశ్న పడింది: ఎవరూ ఎత్తకపోతే ఎవరికి?

ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదు. 'అత్తయ్య' అనే నొక్కింది. పైన ఎర్రగా వెలిగిన 'అమలు చేయి' బొత్తాన్ని కూడా నొక్కి, వెళ్లి తన బల్ల ముందు కూర్చుంది.

కాసేపటికే ఫోను మోగింది. పాత ఖాతాదారు, నర్సింగ్ హోము మేనేజరు.

"షాపమ్మగారా? మీ గొంతు విని ఎన్నాళ్లయిందండీ. రిటైరైపోయారేమో అనుకున్నాం."

"నన్ను రిటైర్ చేసేవాళ్లు ఇంకా పుట్టలేదు లెండి," అందావిడ. ఇక మాటలు సాగాయి. మేనేజరు మోకాళ్ల నొప్పులు, అల్లుడి ఉద్యోగం, అన్నీ తీరిగ్గా అడిగి తెలుసుకుంది. ఆకలి మీదున్న మనిషి ముందు విస్తరి వేసినట్టయింది ఆవిడకి.

ఇంకా ఫోను పెట్టకముందే గుమ్మంలో ఆటో ఆగింది. అందులోంచి ఖాతాదారు మాస్టారు దిగారు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నారు. చేతిలో సెల్‌ఫోను నుంచి ఇంకా సంగీతం వస్తూనే ఉంది.

"ఎన్నిసార్లు చేశానమ్మా. ఈ సంగీతం తప్ప మనిషి పలకడు. మా ఆవిడకి ముల్లు అడుక్కి పడిపోయింది. పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి పరిగెత్తుకొచ్చాను."

అప్పుడే తిరిగొచ్చిన కోడలు చేతిలో సంచీ అక్కడే పడేసి డ్రైవర్‌ని కేకేసింది. గొలుసు విప్పి, సిలిండర్ ఒంటిచేత్తో దొర్లించుకుంటూ ట్రాలీ ఆటో దాకా తీసుకెళ్లింది.

షాపమ్మ చేతిలో ఫోను ఠక్కున పెట్టేసింది. అయినా నోరు ఊరుకోలేదు. "ఊరికే వచ్చిన ఆ మిషను నిర్వాకం మాస్టారూ. ఫోను నా చేతిలో ఉన్నన్నాళ్లూ ఇలా జరిగిందా?"

కోడలు ఆ మాట విన్నది. మాస్టార్ని కూడా రమ్మని ట్రాలీ ఎక్కింది.

కబురు తెలిసి కొడుకు వచ్చేసరికి కోడలు కూడా తిరిగొచ్చింది. మాస్టారి భార్యకి ఊపిరి కుదుటపడిందని చెప్పి, నేరుగా కంప్యూటర్ దగ్గరికి వెళ్లి తెరని అందరికీ కనపడేలా తిప్పింది.

"ఇది నేను గీసిన బొమ్మ కాదు."

"అమ్మా, నువ్వేనా?" అన్నాడు కొడుకు.

"నేనే. నా షాపు, నా ఫోను. ఒకర్ని అడిగేదేంటి?"

"మీదే అత్తయ్యా, కాదన్నదెవరు? కానీ ఇటు చూడండి." 'అత్తయ్య' డబ్బాలోంచి బయల్దేరిన బాణం ఒకటి సున్నా చుట్టి మళ్లీ అదే డబ్బాలోకి దూరింది. "ఎవరూ ఎత్తకపోతే ఎవరికి అని అడిగింది ఇది. మీరు మీ పేరే ఇచ్చారు. మీరు మేనేజరుతో మాట్లాడుతున్నారు. మాస్టారి ఫోను మీ దగ్గరికొచ్చింది, ఖాళీ లేదు. మళ్లీ మీ దగ్గరికే. మళ్లీ మీ దగ్గరికే. నేనంటే పరాయిదాన్ని, సరే. మీ కొడుకు పేరైనా గుర్తు రాలేదా?"

షాపమ్మ ఆ సున్నా వంకే చూసింది. "నువ్వు నన్ను చివర పడేశావు కాబట్టి..."

"చివర ఉన్నవాళ్లు తప్పకుండా ఎత్తాలి. అక్కడా ఎత్తకపోతే ఆ ఫోను ఇక పోయినట్టే. డ్రైవర్ని పెట్టనా, బండి చప్పుడులో వినపడక? మీ అబ్బాయిని పెట్టనా, ఫోను ఎక్కడ పెట్టారో ఆయనకే తెలీక?"

కొడుకు జేబులు తడుముకుని తలొంచుకున్నాడు.

"ఈ ఇంట్లో ఎత్తి తీరతారని నేను నమ్మింది మిమ్మల్నొక్కర్నే," అంది కోడలు, తిడుతున్నట్టే. "ఆ మాట పైకి చెప్పబుద్ధి కాలేదు. పొద్దున లేస్తే దెప్పుతారు మీరు."

మంచం మీద ఊపిరి ఎగపోస్తున్న మనిషీ, చేతిలో సంగీతం మోగే ఫోనుతో మాస్టారూ షాపమ్మ కళ్ల ముందు మెదిలారు. ఇన్నాళ్లూ తాను పోషించుకొచ్చిన షాపులో, తన తర్వాత ఎవరు అన్న ప్రశ్నకి తాను రాసుకున్న జవాబు ఆ సున్నాయే.

"జరుగు," అంది.

కోడలు లేచింది. ఆవిడ కూర్చుని, సున్నా చుట్టిన బాణాన్ని తుంచింది. 'అత్తయ్య' నుంచి కొత్త గీత లాగబోతే అది జారి డ్రైవర్ మీద పడింది.

"అటు కాదత్తయ్యా."

"కనపడుతోందిలే. నువ్వు చెప్పక్కర్లేదు." మళ్లీ లాగి 'ఆర్డర్లు' మీద ఆపింది. ఎర్ర బొత్తాం దగ్గర వేలు ఆగిపోయింది. "నొక్కనా?"

ఆవిడ తనని ఒక మాట అడగడం కోడలికి అదే మొదలు. "నొక్కండి," అంది మెల్లగా.

షాపమ్మ బల్ల దగ్గరికి చేరిందో లేదో ఫోను మోగింది. అలవాటుగా ముందుకెళ్లిన చేతిని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా, ఎత్తవేం?"

"ఆగరా. ఎత్తకపోతే ఎటు పోతుందో చూడనీ."

గంట ఇక్కడ ఆగింది. లోపలి గదిలో మొదలైంది.

"షాపమ్మగారి కోడల్నండీ," అంది లోపలి గొంతు. "ముల్లు ఎక్కడుంది?"

షాపమ్మ చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది. కొడుకు చూస్తున్నాడని, ఆ చెంగుతోనే ఫోను మీద దుమ్ము తుడవసాగింది.