ఒడ్డుగూడెం నడకల ఒక మనిషి తక్కువ

మా తల్లిగారి ఊరు ఒడ్డుగూడెం. మూసీ ఒడ్డుకే ఉంటది. ఆ ఒడ్డు మీద పాత మోటర్ రూమొకటి ఉన్నది — పొద్దుగూకినంక అటు దిక్కు కుక్క గూడ పోదు. మోటరు ఎన్నడో పోయింది, తలుపు పోయింది, చెడ్డ పేరు మాత్రం మిగిలింది. లోపల ఎవడో కూసుంటడంట. పోయేటోళ్లను పిలిచి "ఏ ఊరు నీది?" అని అడుగుతడంట. జవాబు చెప్పినోళ్లు...

ఏమైతరో ఎవలూ పూర్తిగ చెప్పరు. నన్నడగున్రి, నేను చెప్త. ఆ దెయ్యానికి ఇసుక ట్రాక్టరున్నది, దాని డ్రైవరు మా అన్న. రాత్రిపూట దొంగతనంగ ఇసుక తోలేటప్పుడు జనం అటు దిక్కు రాకుంటనే ఆయనకు మంచిది. గందుకే ఆ దెయ్యాన్ని బర్రెను మేపినట్టు మేపిండు.

గని ఆ ఆదివారం జరిగింది మా అన్న పని గాదు.

నేను అరుణమ్మను. దిల్‌సుఖ్‌నగర్‌ల మా పక్కింటి పట్టాభి సారు ముచ్చట ఇది. నేను ఆడ లేను, మోకాళ్ల నొప్పులు. సగం ఆయన భార్య ఉదయలక్ష్మి గోడ అవతల నిలబడి చెప్పింది. మిగతా సగం ఎట్ల తెల్సిందో ఆఖరుకు చెప్త.

సారుది గుడివాడ దిక్కు. బ్యాంకుల జేసి రిటైరైండు. ఇరవై ఎనిమిదేండ్ల సంది మా పక్కిల్లే. ఊకె కూసోలేక 'ఆదివారం నడక' అని పెట్టిండు. కాగితం గూడ అచ్చేయించిండు: 'కుటుంబ సమేతంగా పల్లె నడక. పిల్లలకు, పెద్దలకు, షుగరు ఉన్నవారికి అనుకూలం. స్వచ్ఛమైన గాలి.' మూసీ ఒడ్డున స్వచ్ఛమైన గాలంట. పట్నం మురికంత మోసుకొచ్చి మా ఊరికాడ తెల్లటి నురగ కక్కుతది ఆ నది. సారు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకోని "పీల్చండి, గట్టిగా పీల్చండి" అంటడు. కాలనీ అంత పీలుస్తది.

పులిహోర డబ్బాలు, మెడల ఈల, చేతుల పేర్ల కాగితం. పోయేటప్పుడు ఎంతమందో ఒచ్చేటప్పుడు అంతమంది ఉండాలె. బ్యాంకు మనిషి గదా, లెక్క తప్పితే ఆయనకు ముద్ద దిగదు.

అవి సకల జనుల సమ్మె దినాలు. బస్సుల్లేవు, బడులు లేవు, కరెంటు దాని ఇష్టం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాక ఏ చౌరస్తాల సూసినా ఒక శవయాత్ర — గడ్డిబొమ్మకు పాడె గట్టి, డప్పు గొట్టి, ఏడ్చి కాలవెట్టేటోళ్లు. నేను గూడ రెండుసార్లు పోయి ఏడ్చొచ్చిన. ఒకసారి మా అమ్మ యాదికొచ్చి నిజంగనే ఏడ్చిన.

సారుకు గుబులు పట్టుకున్నది. "తెలంగాణ వస్తే మమ్మల్ని ఉండనిస్తారంటారా అరుణమ్మ గారూ?" అని నన్నడిగిండు. "మీరెక్కడికి పోతరు సారూ, జర చాయ్ తాగున్రి" అన్న నేను. మా ఆయన జనార్ధన్ గట్లనలే. "రోజులు బాగలేవు సార్... ఇల్లు ఎంతకో అంతకు నాకిచ్చి నిమ్మలంగ పోండ్రి. మనోళ్లని చెప్తున్న" అన్నడు.

సారు తలూపిండు. బెజవాడల తమ్ముని అపార్టుమెంటుకు పోదామనుకున్నరు. సామాను సదురుకుంట సదురుకుంట ఉదయలక్ష్మి ఒకదినం కూలవడి ఏడ్చింది. "ఈ ఇల్లొదిలి నేను రాను" అన్నది. సారు మళ్ల ఊగిసలాడిండు. సోమవారం మా ఆయనతోని ఇల్లమ్మే కాగితం రాసుకోవాలె. పోవుడా, ఉండుడా... ఆదివారం దాక తేలలే.

ఆ ఆదివారం నడక ఒడ్డుగూడెంకే. "నేను గూడ ఒస్త, మా అత్తగారూరే గదా" అని మా ఆయన బయలెల్లిండు. వీధి చివరికి పాల ప్యాకెటుకు పోనోడు. నేను గప్పుడే అనుమానపడాలె.

నది కట్ట మీద నడిచిన్రు, పులిహోర తిన్నరు, మాగాణి మడులల్ల ఫోటోలు దిగిన్రు. ఆటోల కాడికి ఒచ్చేసరికి చీకటి పడ్డది. సారు ఈల ఊది లెక్కవెట్టిండు. ముప్ఫై.

పోయింది ముప్ఫై ఒక్కరు.

మళ్ల లెక్కవెట్టిండు. ముప్ఫై...

"జనార్ధన్ గారేరీ?"

ఫోను స్విచాఫ్. "మోటర్ రూం కాడ ఆగిండు, నేను సూసిన" అన్నడొక ఆటో డ్రైవరు. గంట కింద స్వచ్ఛమైన గాలి పీల్చినోళ్లంత ఆటోలల్ల ఎక్కి, పరదాలు దించుకోని కూసున్నరు.

"నేను తీసుకొచ్చిన మనిషి" అన్నడు సారు. "వదిలేసి వెళ్తే అరుణమ్మ గారికి ఏ ముఖం చూపించను?"

సెల్లుఫోను లైటు పట్టుకోని ఒక్కడే ఎనుకకు పోయిండు.

కట్ట మీద నరమానవుడు లేడు. పక్కన నది బుడబుడమంటున్నది. నురగ గాలికి లేసి, తెల్లగ దొర్లుకుంటొచ్చి, కాళ్లకు చుట్టుకుంటున్నది... ఇడిపిచ్చుకుంట పోయిండు. మోటర్ రూం ముంగట నిలబడి మెల్లగ పిలిచిండు.

"జనార్ధన్ గారూ..."

మళ్ల పిలిచిండు.

లోపల్నుంచి — బొంగురు గొంతు.

"ఏ ఊరు... నీది?"

ఆ దినాలల్ల గా మాట దెయ్యమే అడగాల్నని లేదు, పాలోడు అడిగినా సారుకు చెమట్లు పట్టేవి. "గిక్కడనే... గీడనే... లోకల్" అన్నడంట, రాని యాసతోని.

"లోకల్ గాదు. నీ ఊరికి నువ్వు పో... పోకుంటే గిట్లయితవ్."

సారు లైటు లోపలికి కొట్టిండు.

నేల మీద పాడె. పాడె మీద మనిషి. ముఖం మీద తెల్లబట్ట... ఒంటి మీద గోధుమరంగు సఫారీ. జేబు కింద నీలం సిరా మరక. ఆ మరక సారుకు తెల్సు. రిటైరైన దినం ఆఖరి సంతకం పెట్టంగ పెన్ను కారి పడ్డది.

ఆడ పండుకున్నది — తానే.

గడపల కూలవడ్డడు. ఎంతసేపు కూసున్నడో ఆయనకే తెల్వదు. లైటు మాత్రం పాడె మీదనే ఉన్నది. సూడంగ సూడంగ... సారుకు కోపమొచ్చింది.

పాడె తప్పు కట్టిన్రు.

మా కాలనీల ఎవలు పోయినా, గుంటూరోళ్లు గానీ నల్లగొండోళ్లు గానీ, పాడె గట్టేది పట్టాభి సారే. మా మామ పోయిన్నాడు పిలవకముందే ఒచ్చి, బొంగులు తెప్పించి, ఒక్కొక్క ముడి తన చేతుల్తోనే ఏసిండు. "మనిషి ఎక్కే ఆఖరి బండి ఇది, కదలకూడదు" అంటడు. గసొంటి మనిషి ముంగట అడ్డబొంగులు మూడే పెట్టిన్రు. తాడు చూస్తే ప్లాస్టిక్‌ది, అట్టపెట్టెకు చుట్టినట్టు చుట్టిన్రు. తల ఏ దిక్కుండాల్నో గా దిక్కు లేదు.

"ఇదా నా పాడె?" అన్నడంట సారు. "ఊరందరికీ కట్టాను. నాకిలాగా కట్టేది?"

గప్పుడు బెజవాడ యాదికొచ్చింది. తమ్ముని అపార్టుమెంటుల పక్క తలుపోని పేరు తమ్మునికే తెల్వదు. ఆడ పోతే ఈ తప్పుడు పాడె గూడ దొరకది. ఈడనైతే, తప్పు కట్టినా తిట్టి కట్టించుకునే హక్కున్నది. గీ మాట చెప్తుంటే ఉదయలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

సారు లేసిండు. దస్తీ నెత్తికి చుట్టుకున్నడు. ముడులన్ని ఇప్పిండు. శవాన్ని లేపి సరైన దిక్కుకు తిప్పుతుంటే సఫారీ చేతుల్నుంచి వరిగడ్డి రాలింది. బొమ్మ... ఎవలకో ఇచ్చిన పాత సఫారీ తొడిగి రేపటి శవయాత్రకు ఊరోళ్లు దాచిపెట్టుకున్నరు గావచ్చు అనుకున్నడు. అనుకోని ఊకున్నడా? లేదు. కట్టడం మొదలుపెట్టినంక సగంల ఇడిసిపెట్టుడు ఆయనకు చాతగాదు.

"కాలు సరిగ్గా చాపవయ్యా, పట్టాభీ" అని బొమ్మతోని మాట్లాడుకుంట ముడి మీద ముడి బిగిస్తున్నడు. ఆఖరి ముడికి చెయ్యి అందలే. చీకట్ల మూల దిక్కు సూసి, నెమ్మదిగ అన్నడు —

"లోపలున్నది ఎవరయ్యా... ఇలా వచ్చి ఈ కొస పట్టుకో."

ఎనుక కిటికీలకెల్లి ఏదో దుంకింది... నదిల దబ్బున పడ్డది.

ఈడ మా ఇంట్ల కరెంటు లేదు. తలుపు కొట్టిన్రు. కొవ్వొత్తి పట్టుకోని తీసిన. గడపల నిలబడ్డది — నెత్తి నుంచి కాళ్ల దాక తెల్లగ... కారుకుంట... కండ్లు మాత్రం నల్లగ. నా చేతుల కొవ్వొత్తి కింద పడ్డది.

"నేనే" అన్నది ఆ తెలుపు. మా ఆయన గొంతు. ఒంటి నిండ మూసీ నురగ. మా అన్న ట్రాక్టరు మీద ఇసుకతోని పాటు ఒచ్చిండు.

గప్పుడే సారు ఫోను. "అరుణమ్మ గారూ, జనార్ధన్ గారు ఇంటికొచ్చారా?"

"ఒచ్చిండు సారూ."

"హమ్మయ్య" అన్నడు. "ముప్ఫై ఒకటి."

మా ఆయనకు మూడు దినాలు జరం. పలవరింతలు. "వాడు వాన్నే కట్టుకుంటున్నడు... నన్ను కొస పట్టమంటున్నడు..." తడిబట్ట ఏసుకుంట ఇన్న. ఇని, కుర్చీ ఏసుకోని సజ్జ మీద సూసిన. సామాను సదురుకునేటప్పుడు "ఎవరికైనా ఇవ్వండి" అని ఉదయలక్ష్మి నాకిచ్చిన సారు పాత బట్టల మూట... లేదు. శనివారం నాడు మా అన్న కాడ పనున్నదని ఈయన ఏం మోసుకపోయిండో గప్పుడు తెల్సింది. మిగతా సగం గట్ల బయటపడ్డది. ఉదయలక్ష్మికి ఇయ్యాల్టిదాక చెప్పలే. ఏం మొకం పెట్టుకోని చెప్పాలె?

మూడో దినం పొద్దుగూకంగ సారే ఒచ్చిండు, గిన్నెల మిరియాల చారు పట్టుకోని. మంచం పట్టె మీద కూసోని మా ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టిండు.

"కాగితం సంగతి మర్చిపోండి జనార్ధన్ గారూ. మేం ఎక్కడికీ వెళ్ళట్లేదు." కాళ్ల దిక్కు ఒకసారి, నెత్తి దిక్కు ఒకసారి సూసిండు. "మీరేం దిగులు పడకండి. నేనున్నాను కదా."

మా ఆయన దుప్పటి ముఖం మీదికి గుంజుకున్నడు.

సారే మెల్లగ దుప్పటి కిందికి జరిపిండు.

"ముఖం కప్పకూడదండీ..." అన్నడు. "అప్పుడే."