బోనులోంచి వచ్చిన మాట

ఆ పాత కోర్టు హాల్లో పొద్దుగుంకాక రిమాండు పెట్టారంటే పోలీసులే గొణుక్కునేవారట. ఎప్పుడో ఒకడు అక్కడి బోనులో నిలబడి, "నన్నెవరూ కొట్టలేదండీ" అని చెప్పి జైలుకెళ్ళి, ఆ రాత్రే పోయాడట. అప్పట్నుంచీ చీకటి పడితే ఖాళీ బోనులో ఎవరో కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్న చప్పుడు...

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. పైగా చెప్పింది మా బావ. ఆ కోర్టులో బంట్రోతు. మా అక్క మీద ఒట్టేసి మరీ అబద్ధాలాడగల ఘనుడు. అందుకే మొదట్నుంచీ అనుమానంగానే విన్నాను.

ఒకరోజు రాత్రి ఓ టైలర్ని తెచ్చారు. కొలతలు తీసుకోవడానికి ఎవరింటికో వెళ్తే అక్కడ గొలుసు పోయిందట. బావ మేజిస్ట్రేటు గారిని పిలుచుకొచ్చేసరికే ఎస్సై అతన్ని బోనులో నిలబెట్టేశాడు. ఆ బోనుకి నడుందాకా చెక్కలు. నడుం కింద ఏమీ కనపడదు. మొహం మీద చిన్న గీత కూడా లేదు. కానీ రెండు చేతులతో కడ్డీ పట్టుకుని వదలట్లేదు. ఎస్సై దగ్గితే చాలు, ఉలిక్కిపడుతున్నాడు.

"ఏదో తేడాగా ఉందనిపించిందిరా," అన్నాడు బావ.

వరండాలో టైలర్ భార్య. బావని ఆపి, "అన్నయ్యా, మనిషిని చూస్తే భయమేస్తోంది. జైలుకి పంపితే మళ్ళీ వస్తాడా?" అందట. బావ లోపలికెళ్ళి బోను పక్కన నిలబడ్డాడు.

మేజిస్ట్రేటు గారు కాగితాలు చూసి, అందరినీ అడిగినట్టే అడిగారు.

"పోలీసులు కొట్టారా?"

నోరు విప్పడానికి అదొక్కటే అవకాశం. తర్వాత ఎంత మొత్తుకున్నా, 'అప్పుడే ఎందుకు చెప్పలేదు?' అంటారు.

టైలర్ ఎస్సై వైపు చూశాడు. "లే... లేదండీ."

మేజిస్ట్రేటు గారు సంతకానికి పెన్ను మూత తీశారు — టప్పున కరెంటు పోయింది.

కటిక చీకటి. ఎవరూ కదల్లేదు... అప్పుడు బోను వైపు నుంచి, నూతిలోంచి వచ్చినట్టు —

"కొట్టారు..."

"ఎవడ్రా అది!" ఎస్సై అరిచాడు.

మళ్ళీ... ఇంకా మెల్లగా — "అరికాళ్ళ మీద..."

కరెంటొచ్చింది. టైలర్ వణికిపోతున్నాడు. మేజిస్ట్రేటు గారు అతనివైపు తిరిగి, "కిందికి దిగు. చెప్పులు విప్పు," అన్నారు.

అరికాళ్ళు రెండూ వాచి నల్లబడిపోయి ఉన్నాయట. రిమాండు ఆగిపోయింది. టైలర్ని ఆస్పత్రికి పంపి, ఎస్సైని సంజాయిషీ అడిగారు.

"కొట్టారు..." అని బావ మళ్ళీ ఆ గొంతు పెట్టి చూపించాడు. నా ఒళ్ళు జలదరించింది. మరుక్షణం బుర్రలో లైటు వెలిగింది.

"బావా! ఆ గొంతు నీదే కదూ?"

బావ లేచి తలుపేసొచ్చాడు. "మెల్లగా ఏడు! ఉద్యోగం ఊడుతుంది."

నాకు నవ్వాగలేదు. "దెయ్యం పేరు చెప్పి ఎస్సైకే టోపీ పెట్టావన్నమాట!"

బావ నవ్వలేదు.

"బోను పక్కన నిలబడి నేనన్నది 'కొట్టారు' అన్న ఒక్క మాటేరా. అరికాళ్ళ సంగతి నాకేం తెలుసు?"

"మరి... టైలరే అనుంటాడు."

"నేనూ అలాగే అనుకుని, ఆస్పత్రికెళ్ళి అడిగాను. పాపం, మంచం మీంచే దండం పెట్టి, 'అదేంటన్నా... రెండు మాటలూ మీరే కదా అన్నది?' అన్నాడు."